అందరి డబ్బూ, ఒక్కడి సీటూ

పత్తర్‌గట్టి: పెళ్ళి బట్టలకూ, ముత్యాలకూ పల్లెలనుంచి జనం ఈ బజారుకు రావడం కొత్త సంగతి కాదు. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని చక్కదిద్దే పని మొదలైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో లేచిన ఈ రాతి కమానుల కింద తరాలుగా ఒకటే పద్ధతి నడుస్తోంది. ఊరినుంచి వచ్చిన రైతు కుటుంబం ఒక్క కొట్లోనే బేరం తెంపదు. నాలుగు కొట్లు ఎక్కి దిగుతుంది. ముత్యాల దండను వెలుతురులో పట్టి చూస్తుంది. చీర అంచు తిరగేసి చూస్తుంది. వంద రూపాయలు తగ్గించడానికి అరగంట వాదిస్తుంది. అమ్మేవాడి ముఖం కనిపిస్తుంది, సరుకు చేతికి తగులుతుంది, రేపు తేడా వస్తే వచ్చి అడగడానికి కొట్టు అక్కడే ఉంటుంది.

అదే ఇంటి కుర్రవాడు, అదే పెళ్ళికోసం దాచిన సొమ్ములోంచి, ముఖం తెలియని మనుషులతో సెల్‌ఫోన్‌లో పేకాట ఆడితే మాత్రం అడిగేవారు ఉండరు. ముక్కలు పంచేది ఎవరో తెలియదు. ఎదుట కూర్చున్నది మనిషో, యంత్రమో తెలియదు. డబ్బు పోతే ఏ మెట్లు ఎక్కి అడగాలో అసలే తెలియదు. ముత్యం కొనడానికి చూపిన జాగ్రత్తలో పదోవంతు ఇక్కడ చూపినా ఎన్నో ఇళ్ళు నిలబడతాయి.

ఫోన్‌లో ఆడే పేకాటల్లో పోకర్ ఒకటి. అందులో చదువుకున్న యువకులను తేలికగా పట్టే వల మరొకటి ఉంది. చిన్న రుసుం కట్టి అర్హత పందెంలో గెలిస్తే, లక్షలు పోస్తే తప్ప దొరకని పెద్ద పోటీలో సీటు ఇస్తామంటారు. ఈ మాట అబద్ధం కాదు. నిజంగానే ఇస్తారు. అందుకే అది అబద్ధంకన్నా ప్రమాదకరం.

సీటు లెక్క

పోకర్ మన రమ్మీ లాంటిది కాదు. ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు ఉంటాయి. వీటితో మంచి జత కూర్చుకోవాలి. ముక్క పడిన ప్రతిసారీ పందెం పెంచవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు నటించి, ఎదుటివాణ్ణి భయపెట్టి పందెం కొట్టేయవచ్చు. కాబట్టి ఇందులో తెలివి ఉంది, ఓర్పు ఉంది, లెక్క ఉంది. అదృష్టమూ ఉంది.

పెద్ద పోటీలకు ప్రవేశ రుసుం ఎక్కువ. అమెరికాలోని లాస్ వేగాస్‌లో 1970 నుంచి జరుగుతున్న ప్రపంచ పోకర్ పోటీల్లో ప్రధాన పోటీకి రుసుం 10 వేల డాలర్లు. అంత డబ్బు పెట్టలేని ఔత్సాహికులకోసం చిన్న అర్హత పందేలు పుట్టాయి. అక్కడ గెలిస్తే చేతికి డబ్బు రాదు, సీటు వస్తుంది.

లెక్కకోసం ఒక పందెం అనుకుందాం. సీటు విలువ లక్ష రూపాయలు. ప్రవేశానికి 1,100 రూపాయలు. అందులో వెయ్యి సీటుకు, వంద నడిపేవాడికి. 100 మంది చేరితే 1,10,000 రూపాయలు పోగవుతాయి. ఒకడికి సీటు, నడిపేవాడికి 10 వేలు, మిగిలిన 99 మందికి సున్నా. అందరూ సమానమైన ఆటగాళ్ళే అనుకున్నా, రోజుకు ఒక పందెం చొప్పున ఏడాది ఆడినవాడు 4,01,500 రూపాయలు కడతాడు. సగటున అతని వాటాకు వచ్చే సీట్ల విలువ 3,65,000. తేడా 36,500 నడిపేవాడి పెట్టెలో పడుతుంది. గెలిచిన సీట్లు కూడా నోట్లు కావు. వాటిని పట్టుకుని మళ్ళీ ఆడాలి, అక్కడా చాలామంది ఓడాలి.

పల్లెల్లో చీటీ అందరికీ తెలుసు. 20 మంది చీటీ వేస్తే ముందో వెనుకో 20 మందికీ పాట వస్తుంది. చివరివాడికీ తన డబ్బు ముడుతుంది. నడిపేవాడి కమీషన్ ఎంత ఉండాలో చిట్‌ఫండ్ చట్టం చెబుతుంది. 2019లో ఆ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచారు. అర్హత పందెం కూడా చూడటానికి చీటీ లాగే ఉంటుంది. అందరూ తలా కొంత వేస్తారు. కానీ పాట ఒక్కడికే వస్తుంది, మిగిలినవారి చీటీ ఆ రాత్రికే చిరిగిపోతుంది.

మనీమేకర్ కథ

ఈ పందేల గురించి మాట్లాడేవారు తప్పకుండా చెప్పే కథ ఒకటి ఉంది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో క్రిస్ మనీమేకర్ అనే లెక్కల గుమాస్తా ఉండేవాడు. ఇంటిపేరే మనీమేకర్. అంటే డబ్బు చేసేవాడు అని. 2003లో ఆయన పోకర్‌స్టార్స్ అనే సంస్థ పెట్టిన 86 డాలర్ల పందెంలో గెలిచాడు. దానితో మరో పెద్ద అర్హత పందెంలోకి వెళ్ళాడు. అక్కడ మొదటి వరుసలో నిలిచినవారికి లాస్ వేగాస్ సీటు, ఆ తర్వాతి స్థానానికి 8 వేల డాలర్ల నగదు. అప్పులున్న తనకు సీటుకన్నా ఆ నగదే ముద్దనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. స్నేహితుడు నచ్చజెప్పగా ఆడి సీటు గెలిచాడు.

లాస్ వేగాస్ పోటీలో ఆ ఏడాది 839 మంది కూర్చున్నారు. చివరి బల్ల దగ్గర శామ్ ఫర్హా అనే పేరుమోసిన వృత్తి ఆటగాణ్ణి ఓడించి మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడాది గెలిచిన గ్రెగ్ రేమర్ అనే న్యాయవాది కూడా ఇలాగే కంప్యూటర్ పందెంలో సీటు సంపాదించినవాడే. ఆయనకు దక్కింది 50 లక్షల డాలర్లు.

ఈ కథలో కల్పితం ఏమీ లేదు. కానీ కథ చెప్పేవారు సగమే చెబుతారు. ఆ 839 మందిలో డబ్బు ముట్టింది 63 మందికి. మిగిలిన 776 మంది ఖాళీ చేతులతో ఇంటిదారి పట్టారు. అంతకుముందు అర్హత పందేల్లో ఓడినవారు ఈ లెక్కలోకే రారు. 10 వేల డాలర్ల సీటు 86 డాలర్ల రుసుములతో నిండాలంటే ఒక్క సీటు వెనుక కనీసం 117 రుసుములు ఉండాలి. ఒక మనీమేకర్ పేరు ప్రపంచమంతా తెలుసు. మిగతా 116 రుసుములు కట్టినవారి పేర్లు ఎవరూ రాసి పెట్టుకోలేదు.

ఆ గెలుపు చేసిన పని ఏమిటో అంకెలు చూస్తే తెలుస్తుంది. ప్రధాన పోటీకి 2003లో 839 మంది వస్తే, 2004లో 2,576 మంది, 2005లో 5,619 మంది, 2006లో 8,773 మంది వచ్చారు. మూడేళ్ళలో పది రెట్లు దాటింది. డబ్బుకు ఆడే కంప్యూటర్ ఆటలకు చెల్లింపులు జరపరాదని 2006 చివరలో అమెరికా చట్టం చేయగానే, 2007లో ఆ సంఖ్య 6,358కి పడిపోయింది. జనాన్ని ఆ బల్లల దగ్గరికి చేర్చింది ఆటమీద ప్రేమ ఒక్కటే కాదనీ, ఇంట్లోనే కూర్చుని చిన్న మొత్తంతో వెళ్ళిరావచ్చనే ఆశ కూడా అనీ దీనినిబట్టి అర్థమవుతుంది.

ఎవరి తెలివి, ఎవరి డబ్బు

పోకర్‌ను సమర్థించేవారు ఒక మాట అంటారు. ఇది గుడ్డి జూదం కాదు, నైపుణ్యం ఉన్నవాడు గెలుస్తాడు అని. నిజమే. ఏళ్ళ తరబడి అదే పనిగా ఆడే వృత్తి ఆటగాడు చివరికి లాభంలోనే ఉండవచ్చు. కానీ ఆ లాభం ఆకాశంనుంచి ఊడిపడదు. నైపుణ్యం లేనివాడి జేబులోంచే రావాలి. నైపుణ్యం ఎంత ఎక్కువ పనిచేస్తే కొత్తవాడు అంత తొందరగా మునుగుతాడు. కాబట్టి 'ఇది నైపుణ్యం ఆట' అన్నది కొత్తవాడికి ధైర్యం చెప్పే మాట కాదు, హెచ్చరిక.

పాతబస్తీ తాలీముల్లో కుస్తీ నేర్పే ఉస్తాదులు ఈడూ జోడూ చూడకుండా కుర్రవాణ్ణి పహిల్వాను మీదికి వదలరు. ఫోన్‌లో ఆ చూపు లేదు. పగలంతా కొట్లో నిలబడి అలిసిన గుమాస్తా, పొలంనుంచి వచ్చిన డిగ్రీ కుర్రవాడు రాత్రి ఆటకు కూర్చుంటే, అవతల ఒకేసారి నాలుగైదు బల్లలు ఆడుతూ ప్రతి ఆటా లెక్క రాసుకునే వృత్తి ఆటగాడు ఉండవచ్చు. ఇద్దరి పేర్లూ తెరమీద ఒకేలా కనిపిస్తాయి.

పైగా ఆట న్యాయంగా సాగుతుందన్న పూచీ ఏది? 2007, 2008 సంవత్సరాల్లో అబ్సల్యూట్ పోకర్, అల్టిమేట్ బెట్ అనే రెండు విదేశీ సంస్థల్లో లోపలివారే ఎదుటివారి ముక్కలు చూస్తూ ఆడి దోచుకున్న సంగతి బయటపడింది. 2011లో అమెరికా ప్రభుత్వం దాడి చేసినప్పుడు, ఫుల్ టిల్ట్ పోకర్ అనే సంస్థ దగ్గర ఆటగాళ్ళు దాచుకున్న డబ్బుకు సరిపడా డబ్బే లేదని తేలింది. అవి పేరున్న సంస్థలు. పేరు కూడా తెలియని యాప్‌లను నమ్మడం ఎంతవరకు సబబు?

సికింద్రాబాద్ తీర్పులో విడిచిన వాక్యం

పేకాట కంపెనీలు ఏళ్ళ తరబడి డాలుగా పట్టుకున్న తీర్పు మన సికింద్రాబాద్‌లో పుట్టింది. అక్కడి ఒక క్లబ్బులో డబ్బుకు రమ్మీ ఆడుతున్నారని 1960ల్లో పోలీసులు దాడిచేసి, హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెబుతూ, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవడంలో నైపుణ్యం అవసరమనీ అన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓడిపోయింది.

ఈ సగం అందరూ చెబుతారు. ఆ తీర్పులోనే మరో సగం ఉంది. ఆట నడిపే ఇంటివాడు గాని, క్లబ్బు గాని పందెం ఆటమీద లాభం తీస్తున్నట్టు రుజువైతే అది నేరం కావచ్చునని న్యాయస్థానం అప్పుడే చెప్పింది. ఆ క్లబ్బు అలా లాభం తీసినట్టు రుజువు లేదు కాబట్టే విడిచిపెట్టింది. అంటే అసలు ప్రశ్న 'తెలివా, అదృష్టమా' అన్నది ఒక్కటే కాదు. 'ఎవరి సొమ్ము, ఎవరి లాభం' అన్నది కూడా. యాప్ కంపెనీలకు సరిగ్గా తగిలే వాక్యం అదే. దానిని మాత్రం ప్రకటనల్లో వేయరు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో 1974 నాటి జూద చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఫోన్లలో ఆడే రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు ఆటలు నడిపినవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఈ ఆటలవల్ల 45 కోట్ల మంది నష్టపడ్డారనీ, పోయిన సొమ్ము 20 వేల కోట్ల రూపాయలకు పైబడిందనీ కేంద్రం అంచనా చెప్పింది. ఆ వెంటనే దేశంలోని పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. చట్టం చెల్లదని కొన్ని కోర్టుకు ఎక్కాయి.

సేద్యమూ జూదమేనా

నిషేధాన్ని విమర్శించేవారి మాటలో కొంత బరువు ఉందని ఒప్పుకోవాలి. ఈడొచ్చిన మనిషి తన డబ్బు తాను పోగొట్టుకుంటే ప్రభుత్వానికి ఏమిటని వారి ప్రశ్న. ఫోన్‌లో ఆడితే నేరం, మలక్‌పేటలో గుర్రాలమీద పందెం కాస్తే నేరం కాదా అన్నది మరో ప్రశ్న. పల్లెల్లో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. వాన మీద ఆశ పెట్టుకుని విత్తనం వేసే సేద్యంకన్నా పెద్ద జూదం ఏముంది అని.

ఈ చివరి మాటకే ముందు జవాబు చెప్పాలి. పంట పోవచ్చు, ధర పడిపోవచ్చు, రైతు మునగవచ్చు. అయినా ఒక రైతు పంట పండాలంటే పక్క రైతు పంట ఎండనక్కర లేదు. వాన కురిస్తే అందరి చేలూ పచ్చబడతాయి. విత్తిన ఒక గింజ వంద గింజలవుతుంది. పోకర్ బల్లమీద ఒక్క గింజ కూడా పుట్టదు. ఉన్న గింజలే చేతులు మారతాయి. మారిన ప్రతిసారీ నడిపేవాడు గుప్పెడు తీసుకుంటాడు. ఇది సేద్యం కాదు. కళ్ళంలో కుప్పను మళ్ళీ మళ్ళీ కొలిపించి, కొలిచినప్పుడల్లా కొలతగాడు వాటా తీసుకోవడం.

తన డబ్బు తాను పోగొట్టుకుంటాడన్న మాట కూడా పల్లెలో నిలవదు. అక్కడ డబ్బు ఒక్కడిది కాదు. అది చెల్లెలి పెళ్ళిది, తండ్రి మందులది, మహిళా సంఘంలో తల్లి తెచ్చిన అప్పుది. పోగొట్టేది ఒకడు, కట్టేది ఇంటిల్లిపాదీ. ధర్మరాజు జూదంలో తనతో ఆపలేదు. తమ్ములనూ, భార్యనూ ఒడ్డాడు. జూదం ఆడినవాడితో ఆగదని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

గుర్రప్పందేల మాటకు మాత్రం ప్రభుత్వమే జవాబు చెప్పాలి. పందేన్ని ఒకచోట కాచి మరోచోట శిక్షిస్తే జనం చట్టాన్ని గౌరవించరు.

చేయవలసింది ఏమిటి

చట్టం వచ్చింది కదా అని చేతులు దులుపుకుంటే ఫలితం లేదు. దేశంలో ఉన్నవారు తలుపు మూస్తే దేశం బయటివారు కిటికీ తెరుస్తారు. ఫోన్ ఉన్న చోటును మరోచోటుగా చూపించే ఉపాయాలు ఉన్నాయి. ఓడిన డబ్బు తిరిగి తెచ్చుకోవాలన్న ఆరాటానికి అప్పుల యాప్‌లు నిమిషాల్లో ఆజ్యం పోస్తాయి. పెద్ద కంపెనీలు పోయాక మిగిలేది అడ్రసు లేని కంపెనీలే కాబట్టి ఇప్పుడు ఆడేవాడికి ప్రమాదం మునుపటికన్నా ఎక్కువ.

చెట్టుకింద పేకాడే నలుగురిని పట్టుకోవడం పోలీసులకు సులువు. ఆ శ్రద్ధ ఈ యాప్‌లకు డబ్బు చేరవేసే బ్యాంకు ఖాతాల మీద, మన కుర్రవాళ్ళ పేర్లతో ఖాతాలు తెరిపించి అద్దెకు తీసుకునే దళారుల మీద పెట్టాలి. ఆడినవాణ్ణి కేంద్ర చట్టం శిక్షించదు. రాష్ట్ర చట్టం మాత్రం అతన్నీ విడిచిపెట్టదు. కేసు భయంతో కుర్రవాడు నోరు మెదపకపోతే లాభపడేది దళారే. తానుగా వచ్చి చెప్పినవాణ్ణి సాక్షిగా చూసే పద్ధతి రావాలి.

గ్రామసభల్లో, కళాశాలల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో పైన చెప్పిన వందమంది లెక్క పలకమీద వేసి చూపించాలి. జూదం పాపమని వంద ఉపన్యాసాలు చెప్పేకన్నా ఆ ఒక్క లెక్క ఎక్కువ పనిచేస్తుంది. కుర్రవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వారికి గెలిచినవాడి బొమ్మ చూపించారు, ఓడినవారి లెక్క చూపించలేదు.

ఇంట్లో పెద్దలు నెలకోసారి బ్యాంకు లావాదేవీల కాగితం తెప్పించి కుర్రవాడితోనే చదివించుకోవాలి. చిన్న చిన్న మొత్తాలు రాత్రివేళ పదేపదే పోతుంటే అడగాలి. తప్పు బయటపడ్డప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి పరువు తీస్తే, వాడు దాన్ని పూడ్చుకోవడానికి మరో అప్పు చేసి మరో ఆట ఆడతాడు. ముందు ఆట ఆపించాలి, తర్వాత అప్పు లెక్క తేల్చాలి, కోపం చివరికి ఉంచుకోవాలి. ఖాతాలోంచి మోసగించి డబ్బు లాగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆటలో ఓడిన డబ్బు దానివల్ల తిరిగి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోరాదు. మానలేక కుమిలిపోతున్నవారు, బతుకుమీద విరక్తి కలిగినవారు 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వారు డబ్బు తీసుకోకుండా మాట్లాడి ధైర్యం చెబుతారు.

మనీమేకర్ గెలిచాడు కాబట్టి తానూ గెలుస్తానని ఎవరైనా అంటే, ఆయన గెలిచిన డబ్బు ఎవరిదని అడగాలి. జవాబు తెలిసినవాడు ఆ బల్ల దగ్గర కూర్చోడు.